శనారపోళ్ల ఇంట్లో లైటు

కొత్తగా పెళ్లయిన మనిషికి కుక్కర్ విజిల్ కూడా వింతగానే వినిపిస్తుంది. పప్పుకి మూడు చాలంటాను నేను. అయిదైనా రావాలంటాడు కల్యాణ్. నాలుగోది కూయగానే ఇద్దరం స్టవ్ దగ్గరికి ఉరికి, ఆపాలా వద్దా అని పోట్లాడుకుంటాం. ఈలోపు అయిదోది వచ్చేస్తుంది. మొయినాబాద్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంట్లో ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పొద్దున్నే వాటిని చూసి నాలో నేను నవ్వుకుంటాను. ముప్పై అయిదు దాటినవాణ్ని, నెత్తి మీద వెంట్రుకలు పలచబడుతున్నవాణ్ని, బ్రష్షులను చూసి నవ్వడమేమిటని నాకే అనిపిస్తుంది. అయినా నవ్వుతాను.

ఆ నవ్వు వెనక అలసట కూడా ఉంది. అందరూ పెళ్లయ్యాక అలసిపోతారట. మేం పెళ్లిదాకా వచ్చేసరికే అలసిపోయాం.

పైగా ఒక ముల్లు మిగిలిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచి మా బాపు నాతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండేది, తిట్టుకి ఏదో ఒకటి జవాబు చెప్పవచ్చు. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆలూరులో మా ఇంట్లో, కల్యాణ్ పక్కన కూర్చుని, బాపు ఎదురుగా ఒక్క పూట అన్నం తినాలి. అంతే.

ఇది అర్థం కావాలంటే మా ఇల్లు అర్థం కావాలి. అది మాకే సరిగ్గా అర్థం కాలేదు.

మా బాపు పేరు మల్లప్ప. ఆలూరులో కూరగాయలు, కొత్తిమీర పండించి చేవెళ్ల మార్కెట్టుకు వేస్తాడు. తాతల కాలం నుంచి మేం క్రైస్తవులం. ఆదివారం చర్చి, క్రిస్మస్‌కి కొత్త బట్టలు, అంతా సవ్యంగానే ఉండేది. నేను బడిలో చేరిన కొత్తలో అబ్రహాము అనే బోధకుడు కోస్తా నుంచి జీపులో దిగి, మీరందరూ తప్పిపోయిన ఇశ్రాయేలీయులు, అసలు సిసలైన యూదులు అని చెప్పాడు.

బాపు అంత తొందరగా నమ్మే మనిషి కాదు. "రుజువేంది?" అని అడిగాడు.

"మీ అమ్మగారు తలంటుకునేది ఏ రోజు?"

"శనారం."

"ఆ రోజు పొలానికి వెళ్లేదా?"

"ఏడ పోతది? నూనె వెట్టి తలంటుకుంటే నిద్రొస్తది గదా. పండుకునేది."

అబ్రహాము కళ్లనీళ్లతో బాపుని వాటేసుకున్నాడు. "అన్నా, అదే సబ్బాతు, దేవుడు పెట్టిన విశ్రాంతి దినం. మీ అమ్మగారు తెలియకుండానే ధర్మశాస్త్రం పాటించారు."

శనివారం తలంటుకున్నవాళ్లంతా యూదులైతే ఈ రాష్ట్రంలో యూదుడు కానివాడు మిగలడని బాపుకి ఎవరూ చెప్పలేదు. మరుసటి వారానికల్లా మేం యూదులమైపోయాం. మల్లప్ప అనే పేరుతో యూదుడైన మనిషి ప్రపంచం మొత్తంలో మా బాపు ఒక్కడే అయ్యుంటాడు.

ఊళ్లో మాకు శనారపోళ్లు అనే పేరు స్థిరపడింది. ఆదివారం పొలంలో పని చేస్తుంటే చర్చివాళ్లకు కోపం. శనివారం పని పెట్టకపోతే కూలివాళ్లకు కోపం. బాపు మాత్రం కొత్త పలకరింపు నేర్చుకుని కనపడినవాళ్లందరి మీదా ప్రయోగించేవాడు. ఎదురింటి కిరాణా కొట్టు రాజేశ్వర్ సేటుతో ఒక శుక్రవారం సాయంత్రం, "శబ్బాత్ శాలోం, సేటూ!" అన్నాడు. సేటు వెనక్కి తిరిగి అరలన్నీ చూసి, "సబ్బున్నది గని మల్లప్పా, శాలువలు చేవెళ్లలనే దొరుకుతయి" అన్నాడు.

శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా మా ఇంట్లో పొయ్యి ముట్టించరాదు, స్విచ్చి వేయరాదు, కొత్తిమీర కోయరాదు. శుక్రవారమే లైటు వేసి ఉంచుకుంటే సరిపోతుంది గదా అంటారేమో. కరెంటు ఉంటే గదా! శుక్రవారం పొద్దుగూకక ముందే అది పోయేది; అలవాటు కొద్దీ ఎవరో స్విచ్చి ఆపేసేవారు, తిరిగి వచ్చేసరికి సబ్బాతు మొదలై ఇల్లు చీకటి. మా ధర్మాన్ని మాకన్నా నిష్ఠగా పాటించింది కరెంటే.

దీనికి అబ్రహాము ఒక వెసులుబాటు చెప్పి వెళ్లాడు. బయటివాడు వచ్చి, తనంతట తాను స్విచ్చి వేస్తే తప్పులేదు. కానీ వేయమని అడగరాదు. బాపు దాన్ని మాకు బట్టీ పట్టించాడు: "ఇంటోళ్లు ముట్టరాదు, బయటోళ్లను అడగరాదు."

ఆ బయటోడే కల్యాణ్. రాజేశ్వర్ సేటు కొడుకు, నా ఈడువాడు.

శనివారం మధ్యాహ్నం మా అవ్వ ప్రేమమ్మ (అమ్మను మేం అవ్వ అనే అంటాం) గడపలో నిలబడి గోడతో మాట్లాడేది. "ఏమోనమ్మా, కండ్లే కనవడుతలేవు. ఇంట్ల ఎంత చీకటిగున్నది!"

ఎదురుగా కొట్టు మెట్ల మీద కూర్చున్న కల్యాణ్ వచ్చేవాడు. "లైటెయ్యనా అవ్వా?"

"నేనేమన్ననా బిడ్డా? నేనేం అనలే."

వాడు లైటు వేసేవాడు. అవ్వ ఈసారి గిన్నెతో మాట్లాడేది. "అన్నం మంచులెక్క అయింది." వాడు స్టవ్ వెలిగించేవాడు. "గీ కోడికూర ఎవలు తింటరో ఏమో, మిగిలేటట్టున్నది." వాడు పీట వేసుకుని కూర్చునేవాడు.

కల్యాణ్‌కి మా మతంలో బాగా నచ్చింది ఇదే. వాళ్లది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. అందులో శనివారం వేంకటేశ్వరస్వామి పేరు మీద వాళ్ల అమ్మ సుమిత్రమ్మ ఒక్కపొద్దు ఉండేది, కొడుకు చేతా ఉంచేది. వాడు ఆ దేవుడి ఉపవాసాన్ని ఈ దేవుడి ఇంట్లో కోడికూరతో విడిచి, మూతి మా నూతి దగ్గర కడుక్కుని, నీరసంగా నడుస్తూ ఇంటికి పోయేవాడు.

"ఉపాసముంటే పోరనికి కండ ఎట్ల పడుతున్నదో, అంత స్వామి దయ" అని సుమిత్రమ్మ మురిసిపోయేది.

అలా మా ఇంట్లో శనివారం భాష మిగతా వారమంతటికీ పాకింది. ఎవరమూ ఏదీ సూటిగా అడగం. నాకు ప్యాంటు కావాలంటే పక్కింటి శివయ్య కొడుకు ప్యాంటు ఎంత బాగుందో బర్రెకు చెప్పేవాణ్ని. అక్క కృప డిగ్రీ చదువుతానని చెప్పడానికి ఇంటర్ చాలదని వారంపాటు తులసి చెట్టుతో వాదించింది. యూదుల ఇంట్లో తులసి చెట్టేమిటని అడగొద్దు, దగ్గుకి మంచిది.

ఇలా పెరిగినవాడికి ప్రేమ సంగతి సూటిగా చెప్పడం ఎలా వస్తుంది? మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నప్పుడు ఒకసారి వానలో కల్యాణ్, నేను బస్‌స్టాప్‌లో చిక్కుకున్నాం. చాలాసేపు తడుస్తూ నిలబడ్డాక నేను ఎదుటి కరెంటు స్తంభంతో అన్నాను. "చేతులు సల్లగైనయి."

కల్యాణ్ నా వైపు చూశాడు. "ఇయ్యాల మంగళారం రా."

"అయితే?"

"అయితే ఏం లేదు. అడగొచ్చు."

నేను అడగలేదు. వాడే చేయి పట్టుకున్నాడు.

ఆ తర్వాత దేశమంతా సాఫ్ట్‌వేర్ అంది, నేనూ అన్నాను. గచ్చిబౌలిలో నౌకరి దొరికింది. మా పొలాల పక్కన ఫామ్‌హౌసులు లేచాయి. వాటికి బియ్యం నుంచి బొగ్గుల దాకా పంపే కొట్టు కల్యాణ్ మొయినాబాద్‌లో తెరిచాడు. వాళ్ల నాన్న పోయాక కూడా ఆలూరు కొట్టు సుమిత్రమ్మ వదల్లేదు. శని, ఆదివారాలు మేమిద్దరం ఊళ్లోనే ఉండేవాళ్లం.

ఆఫీసులో మొదటి నెలలోనే శనివారం రిలీజు పడింది. రానని చెప్పాను. యూదుణ్ని, సబ్బాతు అని వివరించాను. మా టీమ్ లీడ్ గౌరవంగా లేచి నిలబడింది. "ఏ కంట్రీ?" అంది.

"ఆలూరు."

తను చాలాసేపు ఫోనులో మ్యాపు వెతికింది. చేవెళ్ల దాటాక కుడివైపు అని నేనే చెప్పాల్సి వచ్చింది.

ఇన్నాళ్లలో నా పెళ్లి గురించి ఎవరికీ అనుమానం రాలేదు. వచ్చే అవకాశమే లేదు. చర్చివాళ్లు శనారపోళ్లకు పిల్లనివ్వరు. శనారపోళ్లేమో ఊరు మొత్తానికి నాలుగిళ్లు, అందరూ మాకు అన్నదమ్ములే. "మంచి నౌకరి, సొంతిల్లు, పిల్లగాడు బుద్ధిమంతుడు. శనారం బీమారి ఒక్కటే" అని ఊరంతా నా మీద జాలిపడేది. చుట్టాలు బాపునే తిట్టేవాళ్లు. ఆయన తల వంచుకుని పడేవాడు. నాలాంటివాళ్లు చాలామంది దేవుడికి భయపడి దాక్కుంటారు. నేను మా దేవుడి వెనకే దాక్కున్నాను. చోటు సరిపోయింది, చాలా ఏళ్లు.

పోయినేడు ఒక శనివారం ఆ చోటు ఖాళీ చేయాల్సి వచ్చింది.

ముసురు పట్టి మధ్యాహ్నమే ఇల్లు మసకబారింది. బాపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "పిల్ల దొరికింది" అన్నాడు. "అబ్రహాము సూశిండు. కోస్త దిక్కు. మనోళ్లే. ఆళ్లకు సుత శనారమే. ఇగ నిన్నెవ్వడు ఏమనడు, నన్ను సుత ఏమనరు."

ఆ ఆఖరి మాట నా గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నేళ్లూ ఆయన ఆ నింద తనదే అనుకుని మోశాడు.

"బాపూ, ఇంట్ల చీకటిగున్నది" అన్నాను.

"ఉండనీ. కల్యాణ్ వస్తడు గదా."

"వస్తడు. సిన్నప్పటి సంది ఆడే వస్తున్నడు." నేను స్విచ్చిబోర్డు వైపు చూశాను. "నాకు లైటేసెటోడు దొరికిండు బాపూ. పిల్ల వద్దు."

ఆయన కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. తర్వాత అన్నాడు, "గోడలకు చెప్పినట్టు చెప్పకు. నాకు చెప్పు."

మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాగా నేను వినలేదు. చెప్పాను. సూటిగా, కల్యాణ్ పేరు పెట్టి, పెళ్లి అనే మాట వాడి చెప్పాను. చెప్పడం అయిపోయేసరికి నాకు జ్వరం తగ్గినట్టు ఒళ్లంతా చెమట.

బాపు లేచి పొలానికి పోయాడు. పోయి, మోటరు స్విచ్చి తన చేత్తో వేశాడు. అప్పటికే వానలో నానుతున్న కొత్తిమీర మడికి నీళ్లు పెట్టాడు. సబ్బాతు తప్పడం ఆయన జీవితంలో అదే మొదలు. చుక్కలు పొడిచినా ఇంటికి రాలేదు.

అవ్వ నా పక్కన కూర్చుంది. "నాకు ఎరుకే" అంది. "గా పిలగాడు కూర తినేటప్పుడు నువ్వు ఆని దిక్కు సూసే సూపు నేను సూడలేదా? లెగ్గు ముక్క దినాం ఆనికే ఏస్తివి. నా కడుపున పుట్టినోడివి, నాకు మెడ ముక్క ఏస్తివి."

అదే రోజు ఎదురింట్లో కల్యాణ్ కూడా వాళ్ల అమ్మకు చెప్పాడు. సుమిత్రమ్మ అంతా విని, ఏడ్చి, కళ్లు తుడుచుకుని ఒకే ఒక ప్రశ్న అడిగింది. "అంటే ఆళ్లింట్ల కోడికూర సుత తిన్నవా?"

"తిన్న అమ్మా."

"శనారం నాడా?"

"శనారమే."

అప్పుడు ఏడ్చిన ఏడుపు ముందు మొదటి ఏడుపు లెక్కలోకి రాదని కల్యాణ్ ఇప్పటికీ చెబుతాడు.

పెళ్లి చిన్న మంగళారం అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ఫామ్‌హౌసులో ఒక ఆదివారం చేసుకున్నాం. కోర్టువాళ్లు నేరం కాదన్నారు గాని పెళ్లి అనలేదు. ఆ మాట మేమే అనుకున్నాం. జీలకర్ర బెల్లం కల్యాణ్ వైపుది. గ్లాసు కాలి కింద తొక్కి పగలగొట్టడం మా వైపుది. గ్లాసు తెచ్చే బాధ్యత కృప అక్కకి అప్పగించాం. మా ఇంట్లో గ్లాసంటే స్టీలుదే, అక్క అదే తెచ్చింది. కల్యాణ్ కళ్లు మూసుకుని, దేవుణ్ని తలచుకుని, బలంగా తొక్కాడు. గ్లాసు జారి అక్కడి ఈత కొలనులో పడింది. వాడు గడ్డిలో పడ్డాడు. చివరికి రోడ్డు మీది హోటల్ నుంచి చాయ్ గ్లాసు తెప్పించి పగలగొట్టాం. అవ్వ గిన్నెడు కూరతో వచ్చింది. "బాపుకు పొలంల పనున్నది" అంది. ఆదివారం గదా, మా బాపుకి నిజంగానే పని రోజు. అబద్ధమని నిందించడానికి కూడా వీల్లేకపోయింది.

అదీ మా కథ. మొన్నటి శుక్రవారం దాకా.

ఆ రోజు పొద్దువాలుతుండగా ఫోన్ మోగింది. అవ్వ నంబరు. ఎత్తితే దగ్గు. బాపు దగ్గు నేను ఎక్కడ విన్నా గుర్తుపడతాను.

"మీ అవ్వ ఫోను పనిచేస్తున్నదా లేదా అని సూస్తున్న" అన్నాడు.

"పనిచేస్తున్నది బాపూ."

"ముసురు పట్టింది. ఎల్లుండి దాక ఇడిచేటట్టు లేదు." మళ్లీ దగ్గాడు. "శనారం నాడు ఇంట్ల జర చీకటిగుంటున్నది."

"ఊఁ."

"గంతే." పెట్టేశాడు.

కల్యాణ్ చేతిలో గరిటెతో ఎగిరి గంతేశాడు. "పిలిచిండు రా! మామ పిలిచిండు!"

"నిన్ను పిలవలే. లైటేసెటోణ్ని పిలిచిండు" అన్నాను. "ఎప్పటిలెక్కనే. బయటోడివి, వచ్చి స్విచ్చేసి పో అని."

"ఏస్త. ఏం పోతది?"

"పోతది. అల్లుడివో ఏదో ఒకటివై పోవాలె గని, కరెంటు పని చేసెటోడిలెక్క పోతవా?"

"నాకేం ఫికర్ లేదు శాంసన్" అన్నాడు వాడు, పప్పు కలుపుతూ. "కూర ఉంటదా ఉండదా, గది చెప్పు."

నాకు నవ్వు రాలేదు. చిన్నప్పటి నుంచి వాడి రాక కోసం నేను కనిపెట్టుకున్న గడప అది. ఆ గడప మీదుగా వాణ్ని మళ్లీ బయటోడిగానే తీసుకుపోవడం కంటే పోకపోవడం నయమనిపించింది. కానీ బాపు దగ్గు చెవిలో ఉంది. పొద్దున్నే బయల్దేరాం.

సబ్బాతు నాడు బండి నడపరాదు కాబట్టి ఊరి బయట దిగి, అక్కడిదాకా నడపనట్టు మొహాలు పెట్టి, బండి తోసుకుంటూ పోయాం. కొట్టులో సుమిత్రమ్మ మమ్మల్ని చూసి మొహం తిప్పుకుంది. తిప్పుకుని, తక్కెడతో అంది. "కొందరు ఇయ్యాల ఉపాసమున్నరో లేదో." శనివారం భాష రోడ్డు దాటిందని అప్పుడు తెలిసింది.

ఇల్లు నిజంగానే చీకటిగా ఉంది. బాపు అదే కుర్చీలో ఉన్నాడు. బాగా చిక్కాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. అవ్వ కంచాలు పెట్టి గోడను చూసింది. ఏమీ అనలేదు.

కల్యాణ్‌కి ఎవరూ చెప్పక్కరలేదు. ఆ ఇంట్లో స్విచ్చిబోర్డు ఎక్కడుందో వాడి చేతికి తెలుసు. చిన్నప్పుడు మునివేళ్ల మీద నిలబడి అందుకున్న బోర్డు. నవ్వుతూ లేచి చెయ్యి చాపాడు. నేను కంచం వైపు తల దించేసుకున్నాను. ఆ టిక్కుమనే శబ్దం వినకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"ఆగు" అన్నాడు బాపు.

కల్యాణ్ చెయ్యి గాలిలో ఆగింది.

"ముట్టకు."

"లైటు మామా... చీకటిగున్నది గదా?"

"ఉండనీ." బాపు ఒకసారి దగ్గాడు. "ఇన్నేండ్ల సంది వస్తున్నవు, గింత ఎరుకలేదా? ఇంటోళ్లు ముట్టరాదు."

కల్యాణ్ చెయ్యి మెల్లగా దించి, ప్యాంటుకి తుడుచుకుని, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నాకు కళ్లు మసకలయ్యాయి. చీకట్లో ఎవరికీ కనపడలేదు, అదొక్కటే మా సబ్బాతు వల్ల నాకు జరిగిన మేలు.

అవ్వ కూర వడ్డించింది. నిన్నటిది. నూనె పైన గడ్డకట్టి ఉంది. కల్యాణ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నా చెవి దగ్గరికి వంగాడు. "ఇన్నేండ్లు వేడి చేసుకోని తిన్న. ఇంటోణ్నయితే గిట్ల సల్లకూర తినాల్నా?"

"జిందగీ మొత్తం" అన్నాను.

"నీ యవ్వ, బయటోణ్నే నయముంటిగదరా!"

"ఏంది గుసగుస?" అన్నాడు బాపు.

"కూర సల్లగున్నదంటున్నడు బాపూ."

బాపు తన కంచం వైపు చూస్తూ అన్నం కలిపాడు. మళ్లీ గోడతోనో గిన్నెతోనో ఏదో అంటాడని ఎదురుచూశాను. ఆయన తలెత్తి కల్యాణ్‌ని చూశాడు. "వచ్చే శుక్రారం పొద్దుగూకక ముందు రాండ్రి. ఇద్దరు రాండ్రి. గప్పుడైతే వేడిగుంటది."

గోడ లేదు, బర్రె లేదు, తులసి చెట్టు లేదు. మా బాపు మమ్మల్ని రమ్మన్నాడు.

"అట్లనే మామా" అన్నాడు కల్యాణ్, నోటి నిండా సల్లకూరతో. ఆ చీకట్లోనే తడిమి నా కంచంలో ఉన్న లెగ్గు ముక్క తీసుకున్నాడు.